గొడుగు గుర్తు గ్లాసు

నాతవరం దగ్గర మా మేడమ్ గారు ఇంకో పిల్లల బడి తెరిచారు. అందులో ఇద్దరమ్మాయిలు కొత్తగా పనికి చేరారు. మొన్న వాళ్ళు మా ఇంటికొచ్చి టీ తాగుతూ, అక్కా, ఒక్కో పిల్లకి రెండేసి గ్లాసులు ఎందుకు పెట్టమంటారావిడ, కడగలేక చస్తున్నాం అన్నారు. దానికో కథుంది అని మొదలుపెట్టాను. మధ్యలో మా చంటిది లేచి ఏడ్చింది. నేనూ నాలుగు వేరే విషయాల్లోకి వెళ్ళిపోయాను. కథ సగంలో ఉండగానే వాళ్ళ షేర్ ఆటో వచ్చేసింది. అందుకని ఇలా కాగితం మీద పెడుతున్నాను. నేను ఇంటర్ తప్పినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదువుకోండమ్మా.

నర్సీపట్నంలో ఉన్న మా మొదటి బడిని చూసి ఎవరూ బడి అనేవారు కాదు. ఊరి చివర పాత కలప అడితీ అది. రేకుల షెడ్డు, ముందు కాస్త ఖాళీ జాగా, వెనక బోరు, వంటకి తాటాకు పాక. బెంచీలు లేవు, గంట లేదు, యూనిఫారం లేదు. మూడేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు. వాళ్ళ అమ్మల్లో ఎక్కువమంది జీడిపప్పు షెడ్డులో పిక్కలు ఒలిచే పనికి వెళ్ళేవాళ్ళు. ఆ పనికి ఒక వేళంటూ ఉండదు. సరుకు దిగిన రోజు తెల్లారకుండానే రమ్మంటారు, లేని రోజు మధ్యాహ్నానికే పంపేస్తారు. మా బడీ వాళ్ళ పనిని బట్టే నడిచేది. అమ్మ పనికి వెళ్ళేటప్పుడు పిల్ల వస్తుంది, అమ్మ తిరిగొచ్చినప్పుడు వెళ్తుంది. ఆలస్యంగా వచ్చావేం అని అడిగేవాళ్ళు ఉండరు. నిద్రొస్తే పడుకుంటుంది. మట్టిలో ఆడాలంటే ఆడుతుంది. కథ చెప్పమంటే చెబుతాం. అక్షరాలు నేర్చుకుంటానంటే ఆ పూట అక్షరాలు.

మేడమ్ గారు టౌన్లో పెద్ద ఇంగ్లీషు మీడియం స్కూల్లో ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పి, ఒకరోజు ఇక చాలనుకుని మానేసిన మనిషి. చిన్నపిల్లల్ని కదలకుండా కూర్చోబెడితే వాళ్ళ బుర్ర కూడా అలాగే కూర్చుండిపోతుంది అనేవారు. నన్ను ఆవిడ బట్టల కొట్లో చూశారు. అక్కడ నేను సేల్స్ గర్ల్‌ని. గౌను కొనడానికి వచ్చి ఒక పిల్ల ఏడుస్తుంటే, దానికి బిల్లు పుస్తకం ఇచ్చి నువ్వే రాయి బిల్లు అన్నాను. ఏడుపు మానేసి పుస్తకమంతా గీతలు గీసేసింది. ఓనర్ నన్ను తిట్టాడు. మేడమ్ గారు మాత్రం బయట ఆగి, మా బడికి వస్తావా అని అడిగారు. అలా టీచరైపోయాను. మొదటిసారి పిల్లలు నన్ను టీచరు అని పిలిస్తే వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

మూడో మనిషి వంటావిడ. మేమందరం పెద్దమ్మ అనేవాళ్ళం. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. పిల్లలకి చిలగడదుంపలు ఉడకబెట్టి పెడుతూ, "తినండర్రా బేగి, తిన్నాక సదువుకుందురు గాని, మీరేటి కలెక్టర్లా" అనేది.

ఇప్పుడు గ్లాసుల సంగతి. మాకు హాజరు పట్టీ లేదు. గోడకి పిల్లల ఎత్తులో ఒక చెక్క అర ఉండేది, వెనక గుమ్మం పక్కన. దాని మీద ఒక్కో పిల్లకి ఒక్కో స్టీలు గ్లాసు. చదవడం రాని పిల్లలు కదా, పేర్లు చెక్కిస్తే ఏం లాభం? నా గోళ్ళ రంగుతోనే ఒక్కో గ్లాసు మీద ఒక్కో బొమ్మ వేశాను. చేప, తాళంచెవి, దువ్వెన, గొడుగు. పొద్దున పిల్ల రాగానే తన గ్లాసు నిలబెట్టుకోవాలి. ఇంటికి వెళ్ళేటప్పుడు బోర్లించి వెళ్ళాలి. నిలబడ్డ గ్లాసంటే పిల్ల లోపలుంది. బోర్లించిన గ్లాసంటే పిల్ల ఇంటికెళ్ళింది. ఎవరి గ్లాసు వాళ్ళే తిప్పుకోవాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. మూడేళ్ళ పిల్ల కూడా ఒక్కరోజులో నేర్చేసుకునేది. కొందరైతే గుమ్మం దాకా వెళ్ళి, గ్లాసు గుర్తొచ్చి వెనక్కి పరిగెత్తుకొచ్చేవాళ్ళు.

పిల్లల్ని కూడా ఆ బొమ్మలతోనే పిలుచుకునేవాళ్ళం. గొడుగు పాప అలాగే గొడుగు పాప అయింది. ఐదేళ్ళుంటాయి. మాటలు తక్కువ. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పక్కర్లేదు. చెప్పులు ఇక్కడ పెట్టమంటే రోజూ అక్కడే, అంగుళం పక్కకి జరగదు. వాళ్ళమ్మ జీడి షెడ్డులోనే. ఆ ఇంట్లో వాళ్ళిద్దరే.

మా దగ్గర ఇంకో పద్ధతి ఉండేది. పిల్ల ఏదైనా అడిగితే వద్దు అనం, ఎప్పుడో చెబుతాం. ఇప్పుడు కాదు, తిన్నాక. ఇవాళ కాదు, రేపు. ఆ రేపు వస్తే తప్పకుండా చేయాలి. మేడమ్ గారు ఈ విషయంలో చాలా పట్టుదల మనిషి. మనం రేపు అంటే వాళ్ళు నమ్మాలి, అది పోతే ఇంక మన దగ్గర ఏమీ ఉండదు అనేవారు.

వారానికోసారి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళేవాళ్ళం, పని జరిగే చోటికి. ఆ వారం చెరకు గానుగకి వెళ్ళాం. మెయిన్ రోడ్డు దాటి, కాలవ మీద చిన్న వంతెన దాటి, పొలాల మధ్య బండి దారిలో వెళ్తే వస్తుంది. మేం వెళ్ళేసరికి పెనంలో రసం ఇంకా పల్చగానే ఉంది. అక్కడ బెల్లం వండే పెద్దాయన పిల్లల్ని చూసి సంబరపడ్డాడు. కర్రతో నేల మీద ఒక గీత గీశాడు.

"ఈ గీత దాటి ఎవులూ రాకూడదు. దాటితే పాకం మీద పడిపోద్ది. ఇవాళ దిగదర్రా, ఆలిస్యం అవుద్ది. రేపు ఈయాలికి రండి, దింపినప్పుడు సూద్దురు గాని. తలోముక్క బెల్లం ఎడతాను."

రేపు వద్దామా అని పిల్లలందరూ మేడమ్ గారి వైపు చూశారు. ఆవిడ రేపు వద్దాం అన్నారు. గొడుగు పాప దారిలో నా చెయ్యి పట్టుకుని, "రేపేనా టీచరు?" అని అడిగింది. రేపే అన్నాను.

ఆ సాయంత్రమే విద్యాశాఖ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. మర్నాడు పొద్దున ఆఫీసర్ గారు మా బడిని చూడ్డానికి వస్తారని. అదేదో ఊరికే చూసిపోవడం కాదు. బెంచీల్లేవు, బోర్డు లేదు, పిల్లల్ని మట్టిలో వదిలేస్తున్నారని ఎవరో పైకి చెప్పారట. ఆయన చూసి ఏమంటే అది. నడపమంటే నడుపుతాం, మూసేయమంటే మూసేయాలి. మేడమ్ గారు ఫోను పెట్టేసి చాలాసేపు అర దగ్గర నిలబడ్డారు. ఆవిడ భయపడగా నేను చూడ్డం అదే మొదలు.

భయం వస్తే మనిషి తన పద్ధతి వదిలేసి పక్కవాడి పద్ధతి పట్టుకుంటాడు. మేమూ అదే చేశాం. మర్నాడు పొద్దున్నే మట్టి ఊడ్చేశాం. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాం. ఎప్పుడూ వెయ్యని ముందు గేటు వేశాం. పెద్దమ్మ, నేను కలిసి గ్లాసులన్నీ చింతపండుతో తోమి, తళతళా మెరిసేలా కడిగి, నీళ్ళు కారిపోయేలా ఒకే వరసలో బోర్లించాం. పిల్లలంతా లోపలే ఉన్నారు కదా, ఇంకేముంది అనుకున్నాం. పిల్లల జుట్లు దువ్వుతూ, గానుగకి ఇవాళ కాదు, ఇంకోరోజు అని చెప్పేశాం. మిగతావాళ్ళు గొణిగారు. గొడుగు పాప నా మొహంలోకి చూసింది, అంతే. నేను దువ్వెన పట్టుకుని ఇంకో తల వైపు తిరిగాను.

ఆఫీసర్ గారు చెడ్డ మనిషేమీ కాదు. నడివయసు, మోటారు బైకు మీద వచ్చారు, బూట్లకి దుమ్ము. లోపలికొచ్చి అంతా చూశారు. హాజరు పట్టీ ఉందా అని అడిగారు. మేడమ్ గారు కాస్త ధైర్యం తెచ్చుకుని, మా హాజరు పట్టీ ఇదేనండీ అని గ్లాసుల వైపు చూపించి, నిలబడితే ఉన్నట్టు, బోర్లిస్తే వెళ్ళినట్టు అని చెప్పారు.

ఆయన ఒకసారి గ్లాసుల వైపు చూశారు, ఒకసారి పిల్లల వైపు చూశారు. "అయితే అమ్మా, మీ లెక్క ప్రకారం ఇవాళ మీ బడికి ఒక్కరూ రాలేదు."

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయనే నవ్వేసి, సరే, పిల్లలతో మాట్లాడతానని ముందు జాగాలోకి తీసుకెళ్ళమన్నారు. అక్కడ కాసేపు పాటలు, కాసేపు కథ. పిల్లలు కొత్త మనిషిని చూసి ఆయన బూట్లు, పెన్ను, బైకు అన్నీ అడిగేశారు. ఆయన కాస్త మెత్తబడ్డారనే అనిపించింది. మేడమ్ గారి మొహంలో మళ్ళీ రంగొచ్చింది.

అప్పుడు పెద్దమ్మ దుంపలు తెచ్చింది. బాదం ఆకుల్లో తలా ఒకటి పెట్టి పంచింది. పంచి, చేతిలో ఆకుతో అలాగే నిలబడిపోయింది.

"ఓ ఆకు మిగిలిపోనాదేటి?" అంది.

నేను పిల్లల మొహాలు చూశాను. చేప ఉంది, తాళంచెవి ఉంది, దువ్వెన ఉంది. గొడుగు లేదు.

లోపల నిద్రపోతోందేమో అనుకున్నాను. చాపలు చూశాను. పాకలో చూశాను. కట్టెల మోపు వెనక, బోరు దగ్గర, గోనెసంచుల కింద చూశాను. వెనక గుమ్మం తెరిచే ఉంది. ముందు గేటు వేశాం గానీ వెనక గుమ్మం సంగతి ఎవరికీ గుర్తులేదు, ఎందుకంటే మాకు ఏ తలుపూ వేసే అలవాటు లేదు. దాని చెప్పులు ఎప్పుడూ పెట్టే చోట లేవు.

పరిగెత్తి మేడమ్ గారి చెవిలో చెప్పాను. సార్ వెళ్ళేదాకా ఆగుదామేమో, ఈలోగా దొరికేస్తుందేమో అని నా మనసులో ఉంది. ఆవిడ అంతసేపు ఆగలేదు. నేరుగా ఆయన ముందుకెళ్ళి, "సార్, మా పాప ఒకర్తి కనిపించడం లేదు. వెతకాలి. మీరు ఏం రాసుకున్నా తర్వాత రాసుకోండి," అన్నారు.

ఆయన పెన్ను జేబులో పెట్టేసి లేచారు.

పెద్దమ్మ పిల్లల్ని దగ్గరికి లాక్కుని కూర్చుంది. మేడమ్ గారూ సారూ మెయిన్ రోడ్డు వైపు పరిగెత్తారు. నేను పక్క వీధిలో ఇల్లిల్లూ తట్టాను. ఎవరైనా తీసుకెళ్ళారా, వాళ్ళ చుట్టాలెవరైనా వచ్చారా? మామూలు రోజైతే గ్లాసు చూస్తే తెలిసేది. బోర్లా ఉంటే వెళ్ళింది, నిలబడి ఉంటే ఇక్కడే ఎక్కడో ఉంది. ఆ రోజు మేమే ఆ గుర్తు తుడిచేశాం. వెళ్ళిందో, ఉందో, ఎవరైనా ఎత్తుకుపోయారో, ఏదీ చెప్పలేని స్థితి. రోడ్డు మీద టిప్పర్లు పోతున్నాయి. ఆటోలు ఆపి అడిగితే ఎవరూ చూడలేదన్నారు. కాలవ గట్టు మీద నుంచి నీళ్ళలోకి చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. ఆకులు కొట్టుకుపోతున్నాయి. ఒక ఎర్ర గుడ్డ ముక్క చూసి గట్టు దిగాను, దగ్గరికెళ్తే ఎవరిదో పాత తువ్వాలు.

వెతికినవాళ్ళంతా వట్టి చేతులతో తిరిగొచ్చాక జీడి షెడ్డు మేస్త్రీకి ఫోన్ చేయక తప్పలేదు. లోపల పని చేసేవాళ్ళ దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. ఆయనే వెళ్ళి పిలిచాడు. వాళ్ళమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. జీడి మరకలతో నల్లబడ్డ చేతులు అలాగే ఉన్నాయి, కడుక్కోలేదు. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. నా ముందుకొచ్చి నిలబడి, మెల్లగా అంది.

"నాను మీకు అప్పజెప్పీసి ఎల్లాను కదమ్మా."

ఆవిడ గుమ్మంలో కూలబడింది. నేను ఏం చేయాలో తెలియక నీళ్ళిద్దామని అర దగ్గరికి పరిగెత్తాను. కంగారులో ఏ గ్లాసు చేతికొస్తే అది తీసుకుంటాం కదా. అన్నీ బోర్లా ఉన్నాయి, ఒకటి మాత్రం నిలబడి ఉంది. దాన్నే పట్టుకున్నాను. కుండలో ముంచబోతుంటే గ్లాసు మీద గొడుగు కనిపించింది.

పొద్దున నేనే కడిగాను, నేనే బోర్లించాను. సార్ మమ్మల్ని ఎగతాళి చేసినప్పుడు కూడా అన్నీ బోర్లానే ఉన్నాయి. మరి ఇది నిలబడిందెలా?

అంతలో అర్థమైంది. వెళ్ళేటప్పుడు గ్లాసు తిప్పాలి. పాప అర దగ్గరికొచ్చింది. చూస్తే గ్లాసు అప్పటికే బోర్లా ఉంది. తిప్పమన్నాం కదా, తిప్పింది. పైకి తిప్పి వెళ్ళింది. అంటే దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. దారి తప్పి ఆడుకుంటూ బయటికి పోలేదు. చెప్పులేసుకుని, గ్లాసు తిప్పుకుని, పద్ధతి ప్రకారం వెళ్ళింది. ఎక్కడికో వెళ్ళాలనుకుని వెళ్ళింది.

"రేపేనా టీచరు?"

"గానుగ," అన్నాను. గట్టిగానే అన్నాననుకుంటాను, అందరూ తిరిగి చూశారు. "సార్, గానుగకెళ్ళింది. నిన్న రేపన్నాం."

ఆ మాట విన్నాక వాళ్ళమ్మ మొహం చూడలేకపోయాను. గానుగంటే ఆవిడకి తెలుసు. మనిషంత వెడల్పు పెనం, సలసలా మరిగే పాకం, కింద ఎగదోసే మంట. ఆవిడ లేవబోయి లేవలేకపోయింది. మేడమ్ గారు వచ్చి ఆవిడ పక్కనే నేల మీద కూర్చుని భుజం పట్టుకున్నారు. ఆవిడ విదిలించుకుంది. మేడమ్ గారు మళ్ళీ పట్టుకున్నారు.

ఆఫీసర్ గారు అప్పటికే బైకు స్టార్ట్ చేశారు. "దారి చెప్పమ్మా, ఎక్కు," అన్నారు.

నేను అంతకుముందు మా నాన్న సైకిల్ తప్ప వేరే మగాళ్ళ బండి ఎక్కింది లేదు. ఆ రోజు ఎక్కి, ఆయన భుజం మీద కొడుతూ, కుడికి, కుడికి సార్, వంతెన, ఆ వంతెన అని అరుస్తూ వెళ్ళాను. మెయిన్ రోడ్డు దగ్గర చెరకు ట్రాక్టరు అడ్డంగా ఉంది. అది దాటడానికి పట్టిన కాసేపట్లో ఎంతమంది దేవుళ్ళకి మొక్కానో. ఐదేళ్ళ పిల్ల ఈ రోడ్డు ఒక్కర్తే దాటిందా? దాటిందో లేదో కూడా తెలియదు కదా. నా లెక్క తప్పైతే? గానుగలో లేకపోతే? ఇంకెక్కడ వెతకాలి?

బండి దారిలోకి తిరిగేసరికి వాసన కొట్టింది. తియ్యగా, కాస్త మాడినట్టు, గొంతులో పట్టేసే వాసన. ముందురోజు పెద్దాయనే చెప్పాడు, వాసన చిక్కబడితే పాకం దిగడానికొచ్చినట్టని. పెనం దింపేటప్పుడు అందరి కళ్ళూ పెనం మీదే ఉంటాయి. కాళ్ళ కింద ఎవరున్నారో చూసే తీరిక ఎవరికీ ఉండదు. నేను సార్ చొక్కా గట్టిగా పట్టుకున్నాను. తర్వాత చూస్తే వీపు దగ్గర కుట్టు ఊడిపోయింది, పాపం.

బైకు ఇంకా ఆగకముందే దూకేశాను. గానుగ పాక అంతా తెల్లటి ఆవిరి. లోపల మగాళ్ళు కర్రలేసి పెనం ఎత్తుతున్నారు, తప్పుకో, తప్పుకో అని అరుపులు వినిపిస్తున్నాయి, మనుషులు కనబడటం లేదు. పిలిస్తే బెదిరి పరిగెత్తుతుందేమోనని పిలవలేదు. పాకం చెక్క తొట్టిలోకి పోసిన చప్పుడు వినిపించింది. ఆవిరి ఇంకా లేచింది. సార్ నన్ను దాటి లోపలికి పరిగెత్తారు.

అప్పుడు వినిపించింది.

"గీత దాటకూడదు."

సార్ ఆగిపోయారు. కిందకి చూస్తే ఆయన బూట్ల వెనక గీత. నిన్న పెద్దాయన గీసిందే, కాస్త చెరిగింది. గీతకి ఇవతల చెరకు పిప్పి కుప్ప మీద గొడుగు పాప కూర్చుని ఉంది. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, చెప్పులు పక్కన జతగా పెట్టుకుని. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, గీత ఇవతలికొచ్చి, దాని పక్కన పిప్పి మీద కూర్చుండిపోయారు. నిలబడ్డానికి ఓపిక లేదు కాబోలు, ఆయనా ఆయాసపడుతున్నారు.

నేను దాన్ని దగ్గరికి లాక్కుని ఏడ్చేశాను. అది ఊపిరాడక గింజుకుని, నా చేతుల్లోంచి బయటికొచ్చి, "దిగిపోనాది టీచరు. మీరు ఆలిస్యం," అంది.

పెద్దాయన ఆవిరిలోంచి బయటికొచ్చి మా మొహాలు చూసి తెల్లబోయాడు. "మీరెనకాల వస్తన్నారనుకున్నానమ్మా. ఈ గుంటపిల్ల ముందొచ్చీసింది కాబోలనుకుని, అక్కడ కూకో, గీత దాటకు అనీసాను. అప్పట్నించీ అలగే కూకుంది." ఆయన్ని ఏమంటాం? రమ్మన్నాడు, వచ్చింది. కూర్చోమన్నాడు, కూర్చుంది.

తిరుగు దారిలో నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని బైకు వెనక కూర్చున్నాను. దాని చేతిలో ఆకులో వెచ్చటి బెల్లం ముద్ద. తినలేదు. అందరికీ తలోముక్క అన్నాడు కదా, అందుకని తీసుకెళ్తోంది. రోడ్డు ఎలా దాటావు అంటే, ఆవు దాటుతుంటే దాని పక్కన దాటాను అంది.

వాళ్ళమ్మ దాన్ని కొట్టలేదు, మమ్మల్ని తిట్టలేదు. ఒళ్ళంతా తడిమి చూసుకుంది, ఎక్కడైనా కాలిందేమోనని. తర్వాత చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది. వెళ్తూ వెళ్తూ పాప వెనక్కి లాగింది. దేనికోసమో మాకు తెలుసు. నేను కుండ దగ్గర వదిలేసిన గొడుగు గ్లాసు తెచ్చి దాని చేతికిచ్చాను. అది బోర్లించి అరలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆఫీసర్ గారు చిరిగిన చొక్కాతో నిలబడి, జరిగింది రాయకుండా ఉండలేనమ్మా అన్నారు. రాయండి సార్ అన్నారు మేడమ్ గారు. గేటుకి, వెనక గుమ్మానికి పిల్లలకి అందనంత ఎత్తులో గడియలు పెట్టించాలి, హాజరు పట్టీ తప్పకుండా ఉండాలి అన్నారు. అన్నీ ఒప్పుకున్నాం. బైకు ఎక్కి, మళ్ళీ దిగి, "ఆ పిల్ల మీ దగ్గర నేర్చుకున్నదే చేసింది. మీరే ఇవాళ నా కోసం వేరేలా చేశారు," అన్నారు. మేడమ్ గారు ఆ మాటకి తల దించుకున్నారు. మూసేయమని మాత్రం ఆయన అనలేదు. తర్వాతా ఎవరూ అనలేదు.

మూతపడనందుకు సంతోషపడాలి కదా, నాకు మాత్రం సంతోషం లేదు. మర్నాడు గొడుగు పాప రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వాళ్ళమ్మ దాన్ని జీడి షెడ్డుకే తీసుకెళ్తోందని తెలిసింది. అక్కడ పొగ, జీడి నూనె, పిల్ల చెయ్యి పెడితే బొబ్బలెక్కుతుంది. మేడమ్ గారు వాళ్ళింటికి వెళ్ళారు. ఆవిడ పీట వేసి కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, మాటైతే ఇవ్వలేదు. ఏటని నమ్మీదండి అందట, అంతే. మేడమ్ గారు తిరిగొచ్చి ఆ మాట ఒక్కటే చెప్పారు. మేం గ్లాసులు తోముతున్నప్పుడు గొడుగు గ్లాసుని ముట్టుకునేవాళ్ళం కాదు. చుట్టూ తుడిచేవాళ్ళం. దాని మీద దుమ్ము పడుతుంటే పెద్దమ్మ కళ్ళు తుడుచుకునేది. పిల్లలు, గొడుగు ఎప్పుడొస్తుంది అని అడిగేవాళ్ళు. రేపు అనడానికి నోరొచ్చేది కాదు. తెలీదు అనేవాళ్ళం. మా బడిలో పిల్లలకి అలా చెప్పడం అదే మొదటిసారి.

ఒక పొద్దున గడియ తీద్దామని వెళ్తే గేటు అవతల వాళ్ళమ్మ నిలబడి ఉంది. పాప చెయ్యి పట్టుకుని ఉంది. రెండో చేతిలో స్టీలు గ్లాసు, కొత్తది కాదు, ఇంట్లో తాగేదే, అంచు కాస్త సొట్ట.

లోపలికొచ్చి దాన్ని గొడుగు గ్లాసు పక్కన పెట్టింది.

"ఇది నాదండి. నా గుంటని దింపీటప్పుడు నాను నిలబెడతాను. తీసుకెల్లీటప్పుడు నాను బోర్లిస్తాను. దానిదొక్కటే తిరిగితే సాలదు. రెండూ బోర్లా పడితేనే గుంట బైటికెల్లినట్టు. అలగైతే ఉంచుతాను."

మేడమ్ గారు తలూపారు. నేను గోళ్ళ రంగు తెచ్చాను. ఏ గుర్తు వెయ్యమంటారు అని ఆవిడని అడిగితే, నాకేటి తెలుసమ్మా, ఏదో ఒకటి ఎయ్యి అంది. పాప నా చేతిలోంచి ఆ సీసా తీసుకుంది. మూత తిప్పి, నాలుక బయటపెట్టి, వాళ్ళమ్మ గ్లాసు మీద అడ్డంగా ఒకే ఒక్క గీత గీసింది.

ఏటది అని అడిగింది వాళ్ళమ్మ.

"గీత," అంది పాప. తన గ్లాసు మీద దుమ్ము గౌనుతో తుడిచి, నిలబెట్టి, వెళ్ళి చాప మీద కూర్చుంది. వాళ్ళమ్మ తన గ్లాసు దాని పక్కనే నిలబెట్టి పనికి వెళ్ళిపోయింది. ఆ రోజే మిగతా అమ్మలు కూడా చూశారు. ఒక్కొక్కరూ ఇంట్లోంచి ఒక్కో గ్లాసు తెచ్చేసుకున్నారు.

అదమ్మా రెండేసి గ్లాసుల సంగతి. కడగడం కష్టమే, నాకు తెలుసు. హాజరు పట్టీ కూడా రాయండి, ఎవరైనా వచ్చి అడిగితే చూపించండి. గ్లాసులు తోమితే మాత్రం ఒక్కొక్కటే తోమండి. ఏ గ్లాసు ఎలా ఉందో తోమాక మళ్ళీ అలాగే పెట్టండి.